కొర్రల అయివారి రెండో చర్చ

గేటు దగ్గర స్కూటీ ఆపి, "సార్, నేను రేడియో నుంచి వచ్చినా" అని ఆ అమ్మాయి అనగానే నాగేశ్వర సారు కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టేశాడు. ఆ మాటతో మొదలైన ఏ సంభాషణా కాఫీ వేడిగా ఉండగా ముగియదని ఆయన అనుభవం.

"కొర్రల గురించే కదమ్మా?" అన్నాడు.

"అవును సార్. మీకెట్ల తెలిసె?"

లోపల రాగులు చెరుగుతున్న రామసుబ్బమ్మ చాట ఆపకుండానే మొగుడి తరఫున జవాబు చెప్పింది. "ఇంగ దేనికొస్తారు పాపా. ఈయప్ప బతుకంతా బడిలో పాఠాలు చెప్పినాడు. అవి ఎవురికీ గుర్తులేవు. రేడియోలో ఒక్క పూట మాట్లాడింది మాత్రం ఇంగా పట్టుకోని పీకుతాండారు."

ఆ అమ్మాయి పేరు సునంద. ధర్మవరంలో మగ్గాల ఇంటి పిల్ల. బత్తలపల్లె పక్కన ఉన్న చిన్న కమ్యూనిటీ రేడియోలో పనిచేస్తుంది. చుట్టుపక్కల ఊర్ల దాకా మాత్రమే వినబడే రేడియో అది. పశువుల జబ్బులు, పెండ్లి పాటలు, ఆసుపత్రి కబుర్లు, అంతే. ఇప్పుడు ఆమెకు కొత్త ఆలోచన వచ్చింది. రేడియో తొలినాళ్ళలో జనం మంచిచెడ్డలను ఎట్లా చర్చించుకునేవాళ్ళో వారం వారం చెప్పాలని. పూనా వైపు పల్లెల్లో జనాన్ని పంచాయతీ రేడియో ముందర కూర్చోబెట్టి, చర్చ వినిపించి, వాళ్ళ చేత మళ్ళీ చర్చ చేయించేవాళ్ళని ఎక్కడో చదివింది. అలాంటి చర్చలో గొంతు వినిపించిన మనిషి ఈ చుట్టుపక్కల ఎవరైనా బతికి ఉన్నారా అని విచారిస్తే, అందరూ ఒకే ఇంటి దారి చూపించారు.

"కూర్చో తల్లీ, చెప్తా. కానీ ఉండేది ఉన్నట్టే చెప్తా. నువ్వు కూడా ఉండేది ఉన్నట్టే వెయ్యల్ల" అన్నాడు సారు.

ఉన్నది ఇది. ఆయనకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, కొత్తగా పంతులు ఉద్యోగం వచ్చిన రోజుల్లో, రేడియో వాళ్ళు రైతుల చర్చ కోసం చదువుకున్న రైతు బిడ్డలను వెతికారు. అంశం: మెట్ట చేలల్లో వేరుశనగ వెయ్యాలా, కొర్ర జొన్నలే వేసుకోవాలా. నాగేశ్వర సంతోషంగా బస్సెక్కాడు. ఎందుకంటే ఆయన పూర్తిగా వేరుశనగ పక్షం. ఆ ఏడే వాళ్ళ నాయనను ఒప్పించి ఉన్న ఎనిమిదెకరాల్లోనూ బుడ్డలే, అంటే వేరుశనగే, విత్తించాడు. చెప్పవలసిన మాటలన్నీ దారి పొడుగునా మనసులో అనుకుంటూ పోయాడు.

స్టేషనులో ఆయన చేతికి కాగితాలు ఇచ్చారు. చర్చంతా ముందే రాసి ఉంది. ఎవరు ఏమనాలో, ఎక్కడ నవ్వాలో, ఎక్కడ అడ్డు తగలాలో కూడా. ఆ రోజుల్లో రేడియో చర్చలంటే అంతే. నోటికొచ్చింది మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు. వేరుశనగ వైపు చదవడానికి అప్పటికే ఒక వ్యవసాయాధికారి కూర్చొని ఉన్నాడు. కొర్రల వైపు చదవవలసిన రైతుకు జ్వరమొచ్చి రాలేదు. "మీ గొంతు నిండుగా ఉందండీ, కొర్రలు మీకే నప్పుతాయి" అన్నాడు ఆ కార్యక్రమం చూసే ఆయన. కాగితాలకున్న గుండుసూది తీసేసి, చప్పుడు కాకుండా ఒక్కో పుట పక్కన పెట్టడం నేర్పించారు. ఎర్ర దీపం వెలిగింది. నాగేశ్వర చదివాడు. తిండిగింజను వదిలి రొక్కం పంట వెంట పోతే వాన తప్పిన ఏడు ఏం తింటావని వ్యవసాయాధికారిని నిలదీశాడు. ఎవరు రాశారో గానీ మాటలు పదునుగా ఉన్నాయి, గొంతు నిజంగానే నిండుగా ఉంది.

ఊర్లో పంచాయతీ ఆఫీసు ముందర జనం కూర్చొని విన్నారు. వినడం అయ్యాక చేతులెత్తమంటే సగం పైగా కొర్రలకే ఎత్తారట. ఆయన బస్సు దిగి ఇంటికి రాగానే వాళ్ళ నాయన ఒకే మాట అడిగాడు: "ఏమిరా, మన చేన్లో బుడ్డలు యేసుకోని, ఊరికి కొర్రలు చెప్పి వస్తివే."

"ఆ ఏడు బుడ్డలు ఇరగబండినాయమ్మా," అన్నాడు సారు సునందతో. "నా మాట విని కొర్రలు యేసినోళ్ళు నన్ను తిట్టినారు. యెయ్యనోళ్ళు నవ్వినారు. అందరూ కలిసి కొర్రల అయివారు అని పేరు పెట్టినారు. సరే, ఆడికి అయిపోయిందా అంటే, లేదు. మల్ల కరువులొచ్చె. బుడ్డలు మట్టిగొట్టుకపోయె. అప్పుడు అదే నోర్లతో, అయివారు ఆ కాలంలోనే చెప్పినాడప్పా, మనమే వినకపోతిమి అని మొదలుపెట్టిరి. ఏం చెప్పినా నేను? వాళ్ళిచ్చిన పేపరు చదివినా. మొన్న చిరుధాన్యాల ఏడాది అని అనంతపురంలో పిలిచి శాలువా కప్పినారు. దూరదృష్టి అంట. నాకు దూరదృష్టి లేదు స్వామీ, నేను బతుకంతా బుడ్డలే యేసినా అని చెప్పబోతే, చప్పట్లు కొట్టి మైకు తీసుకున్యారు."

సునంద నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించి ఆపుకోలేకపోయింది. సారుకు ఆమె మీద కోపం రాలేదు. ఇన్నేళ్ళలో మొత్తం కథ చివరిదాకా విన్న మొదటి మనిషి ఆమె.

అందుకే ఆమె రెండో మాట అడిగినప్పుడు ఆయన వెంటనే కాదనలేకపోయాడు. పాత చర్చల సంగతి చెప్పాక, ఆఖరి వారం అదే పద్ధతిలో ఒక చర్చ పెడతానంది. కాగితాలు మాత్రం ఉండవు. ఎవరి మాట వాళ్ళదే. ఊరివాళ్ళు బడి వరండాలో కూర్చొని వింటారు, విన్నాక ఫోనులో అడుగుతారు. అంశం ఊర్లో అందరి నోటా నలుగుతున్నదే: మిట్ట చేలన్నీ సోలారు కంపెనీకి దీర్ఘకాలం కౌలుకు ఇవ్వాలా, వద్దా.

"ఒక షరతు," అన్నాడు సారు. "నేను ఇయ్యల్ల అనే వైపే మాట్లాడతా. నేను నిజంగా ఇస్తాండా. ముసిలితనంలో నాకు సేద్యం చేతకాదు. వాన రాదు, కూలోళ్ళు దొరకరు, దొరికినా అడివిపందులు మిగలనీవు. ఈసారన్నా నా నోట్లో నా మాట ఉండల్ల."

"తప్పకుండా సార్."

"రాసుకో."

"రాసుకుంటాండా సార్," అని ఆమె అరచేతిలో పెన్నుతో రాసుకుంది.

చిక్కు అవతలి వైపు వచ్చింది. ఇవ్వకూడదని మాట్లాడే మనిషి కావాలి. టీ అంగడి దగ్గర చూస్తే సగం ఊరు ఆ వైపే ఉంది. కంచె వేస్తే జీవాలకు మేత ఎక్కడిదని ఒకడు, అంత పొడుగు కౌలు అయ్యేసరికి మనం ఉంటామా అని ఒకడు, టీ గ్లాసులు దడదడలాడేటట్టు అరుస్తారు. సునంద మైకు సంగతి ఎత్తగానే ఒకడికి కదిరిలో పెండ్లి, ఇంకొకడికి గొంతు నొప్పి. రామాంజులు అనే ఆయన తాను అసలు ఏ పక్కా కాదనీ, టీ తాగడానికి మాత్రమే వచ్చాననీ చెప్పాడు. భయమంతా పుల్లన్న గురించి. పుల్లన్న ఊర్లో పెద్ద కమతం ఉన్నవాడు, మండలంలో నాయకుడు, కంపెనీకి భూములు కూడగడుతున్నవాడు. మంచివాడే. ఎవరికి ఆపదొచ్చినా జీపు పంపిస్తాడు. ఎప్పుడైనా జీపు అవసరం పడుతుందేమోనని ఊరంతా ఆయన ముందర ఒద్దికగా ఉంటుంది.

ఆఖరికి ఓబులమ్మ ఒప్పుకుంది. నాలుగెకరాల మెట్ట, గొర్రెలూ మేకలూ కలిసి ఒక మంద జీవాలు, ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు వినబడే గొంతు ఆమెవి. సారు చేను పక్కనే ఆమె చేను. "నాకేం భయం అయివారూ? నా చేను, నా నోరు," అంది. "కంచెకు ఆ పక్క గడ్డి, ఈ పక్క నా జీవాలు. నేనేమన్నా సర్కస్సు చేయించల్లనా వాటితో? అడుగుతా. గట్టిగానే అడుగుతా."

ఈమె ఉంటే చర్చ రక్తి కడుతుందని సారు సంబరపడ్డాడు. ఓబులమ్మ ఏమేమి అడుగుతుందో ఊహించుకొని, వాటికి జవాబులు తయారుచేసుకున్నాడు. ఎంత పద్ధతిగా తయారుచేసుకున్నాడంటే, ఆమె వైపు ప్రశ్నలన్నీ ఆయనకే బాగా వచ్చేశాయి. "రెండు గొంతులతో నువ్వే మాట్లాడుకుంటాండావు, తల చెడిందా?" అంది రామసుబ్బమ్మ.

చర్చ రోజు పొద్దున ఆటోలో బత్తలపల్లె వెళ్ళాడు. స్టేషనంటే రెండు గదులు. గోడలకు నారసంచులు, పాత దుప్పట్లు బిగించిన గది ఒకటి, కంప్యూటరు ఉన్నది ఒకటి. ముందర వేపచెట్టు కింద పుల్లన్న జీపు ఆగి ఉంది. పుల్లన్న, ఓబులమ్మ జీపు పక్కన నిలబడి మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుతున్నది పుల్లన్న, ఓబులమ్మ తల ఊపుతూ ఉంది. ఆమె అంతసేపు నోరు తెరవకుండా నిలబడటం సారు ఎన్నడూ చూడలేదు.

"పుల్లన్న ఎందుకొచ్చినాడమ్మా?" అని సునందను అడిగాడు.

"ఇయ్యల్ల అనే పక్క ఆయప్ప కూడా మాట్లాడతానన్యాడు సార్. వద్దనేకి నాకు కుదరలేదు. మీరిద్దరు, ఈ పక్క ఓబులమ్మక్క. ఆమె ఒక్కతే ఇద్దరి పెట్టు కదా."

బల్లకు ఒక పక్క సారు, పుల్లన్న కూర్చున్నారు. ఎదురుగా రెండు కుర్చీలు వేస్తే ఒకదాంట్లో ఓబులమ్మ కూర్చుంది, రెండోది ఖాళీగా ఉంది. కంప్యూటరు ముందున్న పిల్ల చెయ్యి ఊపింది. సునంద నమస్కారం చెప్పింది, అంశం చెప్పింది, ముందు వద్దనేవాళ్ళ మాట విందామంది.

"చెప్పక్కా. మీ చేను సోలారుకు ఇస్తారా?"

ఓబులమ్మ మైకు వైపు చూసింది, పుల్లన్న వైపు చూసింది. "ఇయ్యొచ్చప్పా," అంది. వినీ వినబడని గొంతు అది. ఆ గొంతు కూడా ఆమె దగ్గర ఉందని సారుకు తెలియదు.

సునంద తడబడింది. "అంటే, మీకు జీవాలు ఉండాయి కదా అక్కా. మేతకు ఇబ్బంది అవుతుందని..."

"యాడో ఒకచోట మేస్తాయిలే పాపా. వాటికేం. పుల్లన్న అన్నీ చూసుకుంటాడు."

తర్వాత పుల్లన్న మాట్లాడాడు. కంపెనీ వస్తే ఊరు ఎట్లా మారుతుందో చెప్పాడు. పిల్లలకు ఉద్యోగాలొస్తాయన్నాడు. "మన ఓబులమ్మ కొడుకు ఓబిలేష్‌కు కూడా వాచ్‌మన్ పని ఇప్పిస్తాండాము" అని మచ్చుకు ఒకటి చూపించాడు. వేపచెట్టు కింద జరిగిందేమిటో సారుకు అప్పుడు అర్థమైంది. ఓబులమ్మ కొంగు అంచు మడతలు పెడుతూ కూర్చుంది.

"నాగేశ్వర సార్, మీ అభిప్రాయం?" అంది సునంద. ఆమె మొహం పాలిపోయింది. ముగ్గురూ ఇవ్వాలనే వాళ్ళే. చెప్పుకోవడానికి ఇంక గంటలో ముప్పాతిక వంతు మిగిలి ఉంది.

సారు తన మాటలు తెచ్చుకున్నాడు. అన్నీ ఉన్నాయి, వరసగా, నోటికొచ్చేటట్టు. ఒక్క "అవును" అంటే చాలు, యాభై ఏళ్ళుగా ఆయన్ను వేధిస్తున్నది తీరిపోతుంది. కానీ అవునని ఎవరికి చెప్పాలి? ఎదురుగా కాదనేవాళ్ళు లేరు. బడిలో పిల్లవాడు లెక్కలో సగం వదిలేసి ఆన్సరు మాత్రం రాసుకొచ్చినప్పుడు వచ్చే కోపం ఆయనకు వచ్చింది. పుల్లన్న మీద వచ్చింది, ఓబులమ్మ మీద వచ్చింది, కదిరి పెండ్లికి పోయినవాడి మీద వచ్చింది. అన్నింటికంటే ఎక్కువగా, ఇప్పుడు తాను ఏం చేయబోతున్నాడో తెలిసి తన మీద తనకే వచ్చింది.

"అమ్మా సునందా," అన్నాడు, "ఒక నిమిషం. నేను కుర్చీ మారుతాండా."

లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఓబులమ్మ పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చొని మైకు ముందుకు లాక్కున్నాడు. ఆ లాగిన చప్పుడు కూడా రేడియోలో వినబడింది.

"పుల్లన్నా, నాలుగు మాటలు అడుగుతా. జవాబు చెప్పు. ఒకటి, కంచె యేసినాక బండిబాట ఏమైతాది? వంక అవతల చేన్లు ఉండే వాళ్ళు చుట్టు తిరిగి పోవల్లనా?"

"అదంతా కంపెనీ చూసుకుంటాది అయివారూ."

"యాడ రాసినారు చూసుకుంటామని? పత్రం ఇంగ్లీషులో ఉండాది. నువ్వు చదివినావా? నేను బడిపంతులును, నాకే సగం అర్థం కాలేదు. సరే. ఆ సోలారు అద్దాలు దుమ్ముపడితే కడగల్ల. ఏ నీళ్ళతో కడుగుతారు? మన బోర్లలో తాగేకే నీళ్ళు లేవు. ఇంగ, ఈ కంపెనీ రేపు ఇంగో కంపెనీకి అమ్ముకోని పోతే మనం ఎవుర్ని అడగల్ల? నిన్నా?"

"నన్నే అడగండి. నేను యాడికీ పోను."

"అంత పొడుగు కౌలు నాయనా. నేనెట్లాగూ పోతా. నువ్వు మాత్రం శాశ్వతమా?"

గాజు కిటికీ అవతల కంప్యూటరు ముందున్న పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పుల్లన్న ఎర్రబడ్డాడు. అయినా గొంతు తగ్గించే మాట్లాడాడు. "అయివారూ, మీరే కదా నిన్న సాయంత్రం మా ఇంటికొచ్చి సంతకం యాపొద్దు పెట్టల్ల అని అడిగింది? ఈపొద్దు ఇట్ల మాట్లాడతాండారే."

"అడిగినా. రేపు మల్ల అడుగుతానేమో. ఈపొద్దు ఈ కుర్చీలో ఎవురూ లేరు. అందుకని కూర్చున్యా. ఇంగో మాట చెప్పు. జీవాలు ఉండే వాళ్ళకు మేత బాట వదులుతారా లేదా?"

ఆ ప్రశ్నకు పక్కనుంచి ఓబులమ్మ ఊపిరి గట్టిగా వదలడం వినిపించింది. పుల్లన్న కొన్నింటికి జవాబు చెప్పాడు, కొన్నింటికి తెలియదన్నాడు. బడి వరండా నుంచి ఫోన్లు రావడం మొదలైంది. పేరు చెప్పకుండా అడిగినవాళ్ళే ఎక్కువ. గొంతు నొప్పి అన్న ఆయన గొంతు సారు గుర్తుపట్టాడు. చక్కగా ఉంది.

ఆటో దిగి ఇంటికొచ్చేసరికి రామసుబ్బమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూడా బడి వరండాలో కూర్చొని అంతా వింది.

"ఏం మనిషివి నువ్వు? నీ మాట నువ్వు చెప్పొస్తానంటివి. నాకు చెప్పే పోతివి కదా."

"ఆడ ఇంగో పక్క ఎవురూ లేకపోయె."

"లేకపోతే లేకపోనీ. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నీకేం నొప్పి?"

సారు తొట్టి దగ్గరికి పోయాడు. కాళ్ళు కడుక్కొని మంచం మీద కూర్చున్నాడు.

మరునాటి నుంచి జనం రావడం మొదలైంది. మొదట తిరుపాలమ్మ వచ్చింది. రెండెకరాల మనిషి, మొగుడు లేడు. "నువ్వు వద్దంటివి కదా అయివారూ, నేను గూడా ఇయ్యను" అంది.

"నేను ఇస్తాండా తిరుపాలమ్మా. నేను అడిగినా, అంతే. వద్దనలేదు."

"అదే కదా. వద్దు అని అడిగినావు."

ఆయన అరుగు మీదే ఆమెకు చర్చ అంటే ఏమిటో చెప్పాడు. రెండు పక్కలుంటాయి, రెండూ వినాలి, విన్నాక ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి అని. ఆమె ఓపిగ్గా అంతా విని, "నువ్వు చెప్పినాక ఇంగ తేల్చుకునేదేముండాది" అని వెళ్ళిపోయింది. ఆమె వెనకే రామాంజులు వచ్చాడు. అప్పుడు కొర్రల విషయంలో కూడా అయివారు చెప్పిందే నిజమైందని వచ్చినవాళ్ళందరికీ గుర్తుచేశాడు. సారు తలుపు వేసుకున్నాడు. కిటికీలోంచి పిలిచారు. వారం తిరిగేసరికి ఊర్లో సంతకాలు ఆగిపోయాయి. టీ అంగడిలో ఆయన పేరు చెప్పి ఒకరినొకరు ఒప్పించుకుంటున్నారని తెలిసింది. సగం ఊరు ఆయన మాట మీద నిలబడి ఉంది, అది ఆయన మాట కాదు.

పుల్లన్న రాలేదు. జీపు ఇంటి ముందర నుంచి పోయినప్పుడు హారను మాత్రం ఎప్పటికంటే గట్టిగా మోగింది.

ఓబులమ్మ వచ్చింది. అరుగు ఎక్కలేదు, జీవాలను వీధిలో నిలిపి, కర్ర ఆనించుకొని నిలబడింది.

"నా కొడుకు పని పోతే నీదే పాపం," అంది.

సారు ఇక ఆగలేకపోయాడు. "నాదా? నువ్వు మాట్లాడతానని మాట ఇచ్చి, ఆడికొచ్చి, ఇయ్యొచ్చప్పా అని పిల్లి మాదిరి అనకపోతే నాకు ఆ కుర్చీలో పనేముండె? నా జన్మకు ఒక్కసారి నా మాట నేను చెప్పుకుందామని పోతి. ఓబులమ్మా, నువ్వు నా నోరు కొట్టేస్తివి."

ఓబులమ్మ పక్కకు జరుగుతున్న మేకను కర్రతో వెనక్కి తోలింది. "పొద్దున్నే పుల్లన్న జీపు పంపించినాడు. నేనేం చేసేది? నా కొడుకు రెండేండ్లు బెంగళూరులో సెక్యూరిటీ పనికి పోయి, ఆడ అన్నం సరిగ్గా తినక చిక్కి శల్యమై వచ్చినాడు. ఊర్లోనే పని అంటే నాకు నోరు రాలేదు." తర్వాత గొంతు మామూలుగా పెరిగింది. "అయినా మేత బాట అడిగినావే, అది బాగుండాది. దాన్ని వదలొద్దు."

"నువ్వే అడగొచ్చు కదా."

"నువ్వు మొదలుపెట్టినావు కదా," అని జీవాలను అదిలించుకుంటూ వెళ్ళిపోయింది.

సంతకాలు ఆగిపోవడంతో కంపెనీ నుంచి సందీప్ అనే అబ్బాయి వచ్చాడు. పుల్లన్నే వెంటబెట్టుకొచ్చాడు. బడి వరండాలో కూర్చున్నారు. సునంద కూడా చిన్న రికార్డరు పట్టుకొని వచ్చింది. సందీప్ పత్రం తెలుగులోకి మార్పించి తెచ్చాడు. దాన్ని పైకి చదువుతుంటే జనం ఒక్కొక్క మాట దగ్గరా ఆపారు. రేడియోలో వినబడిన ప్రశ్నలే మళ్ళీ వచ్చాయి, ఈసారి వాళ్ళ వాళ్ళ గొంతులతో. బండిబాట అడిగింది రామాంజులు. నీళ్ళ సంగతి అడిగింది తిరుపాలమ్మ. మేత బాట దగ్గరికి వచ్చేసరికి ఓబులమ్మ లేచింది. పుల్లన్న ఎదురుగా ఉన్నాడు, ఓబిలేష్ పక్కనే ఉన్నాడు. "నా కొడుక్కు పని ఇచ్చినా ఇయ్యకపోయినా సరే, మంద నడిచేంత దారి వదలకుంటే ఈ చుట్టుపక్కల జీవాలన్నీ తెచ్చి నీ ఆఫీసు ముందర తోల్తా నాయనా" అని సందీప్‌తో అంది. అది ఆమె అసలు గొంతు. ఓబిలేష్ తల దించుకున్నాడు గానీ అమ్మను ఆపలేదు.

సందీప్ బయటికి వెళ్ళి చాలాసేపు ఫోను మాట్లాడి వచ్చాడు. బండిబాట, మేత బాట పటంలో గీసి పత్రానికి జత చేస్తామన్నాడు. కడిగే నీళ్ళు ఊరి బోర్లలోంచి తీయబోమని రాసి ఇస్తామన్నాడు. కౌలు కాలం తగ్గించమంటే మాత్రం కుదరదన్నాడు. కంపెనీని అమ్ముకుంటే ఎవరిని అడగాలనే దానికి అతని దగ్గర ఉన్న జవాబు ఎవరికీ నచ్చలేదు, దాన్ని మార్చే అధికారం అతనికి లేదు. పుల్లన్న మొదట ముభావంగా కూర్చున్నాడు గానీ, పటం మీద బండిబాట గీసేటప్పుడు తానే వంగి, వంక ఎక్కడ మలుపు తిరుగుతుందో వేలితో చూపించాడు.

సంతకాల రోజు కొందరు పెట్టారు, కొందరు పెట్టలేదు. ఓబులమ్మ పెట్టలేదు. ఓబిలేష్‌కు పని మాత్రం ఇచ్చారు, పుల్లన్న ఆ మాట తప్పలేదు. తిరుపాలమ్మ చివరి దాకా ఒక మూల కూర్చొని చూసింది. నాగేశ్వర సారు పిలుపు వచ్చింది. ఆయన రాళ్ళ మిట్ట మీది ఐదెకరాలకు సంతకం పెట్టాడు. వంక పక్కన ఉన్న మూడెకరాలు ఇవ్వనన్నాడు. రేడియోకు పోయే ముందు ఎనిమిదీ ఇద్దామనే అనుకున్నాడు. కుర్చీ మారినప్పుడు తాను అడిగిన వాటిలో ఒకటి, కంపెనీని అమ్ముకుంటే ఎవరిని అడగాలనేది, తనకే జవాబు దొరకకుండా ఉండిపోయింది.

ఆయన పెన్ను మూత పెట్టేసరికి తిరుపాలమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

"రేడియోలో ఒకటి చెప్పి, ఈడ ఒకటి చేస్తివే అయివారూ."

వరండాలో ఉన్నవాళ్ళందరూ ఆయన వైపు తిరిగారు. సారు నోరు తెరిచాడు. రెండు పక్కలుంటాయమ్మా అని మొదలుపెట్టాడు. ఆమె మొహం చూశాడు. ఆపేశాడు.

"నీ రెండెకరాలు నువ్వేం చేస్తాండావు తిరుపాలమ్మా?" అని అడిగాడు.

"ఆలోచన చేస్తాండా. పత్రం ఇంగోసారి చదివించుకుంటా. నీ దగ్గర కాదులే, ఆ రేడియో పాప దగ్గర."

"మంచిది," అన్నాడు సారు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

సునంద దగ్గరకొచ్చి, ఈసారి చర్చ చెరువు పూడికమట్టి మీద అనీ, తీయాలనే వైపు మనుషులు దొరికారనీ మెల్లగా మొదలుపెట్టింది. ఆమె వాక్యం ముగించే లోపల సారు చెప్పులు వేసుకున్నాడు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండలో కొంగు తలమీదికి లాక్కొని నిలబడిన రామసుబ్బమ్మ, "సంగటి చల్లారిపోతాంది, వస్తావా రావా?" అని పిలిచింది.

"వస్తాండా," అన్నాడు. ఇద్దరూ ఇంటిదారి పట్టారు.